స్టేజీ మీద చెక్కు జనవరిలో, ఫీజు కట్టాల్సింది జూన్‌లో: పూర్వ విద్యార్థుల స్కాలర్‌షిప్పులు ఎవరికి, ఎలా?

కాలువగట్టు
మా జడ్పీ హైస్కూలు పూర్వ విద్యార్థుల సంఘం మీద కడుపుమంట, ఇక్కడైనా కక్కేస్తాను. ఏటా సంక్రాంతికి ఆత్మీయ సమ్మేళనం పెడతాం. బ్యాచ్‌కి ఇంతని చందా. అందులో సగం షామియానా, ఫ్లెక్సీలు, భోజనాలు, శాలువాలు, మెమెంటోలకే పోతుంది. మిగిలినదాంతో పదో తరగతిలో ఫస్టు, సెకండు, థర్డు వచ్చినవాళ్లకి తలా పదివేలు. తలుపంత అట్టముక్క మీద చెక్కు బొమ్మ, నలుగురు పెద్దమనుషులు నాలుగు మూలలూ పట్టుకుంటారు, పిల్ల వెనకాల కనపడదు.

ఈసారి ఫస్టు వచ్చిన పిల్లకి జూన్‌లోనే ఒక కార్పొరేట్ కాలేజీ ఫీజు లేకుండా సీటిచ్చేసింది. వాళ్ల నాన్నకి ఎరువుల కొట్టుంది. అదే క్లాసులో 480 చిల్లర తెచ్చుకున్న కుర్రాడికి తండ్రి లేడు, తల్లి కూలికి వెళ్తుంది. పాలిటెక్నిక్‌లో సీటొచ్చింది. హాస్టలుకి ముందు కట్టాల్సిన డబ్బు లేక చేరలేదు. ఇప్పుడు రొయ్యల చెరువు మీద కాపలా. మా సంఘం ఖాతాలో అప్పటికి డబ్బుంది, అదీ నా బాధ.

మీ ఊళ్లలో ఎలా ఎంపిక చేస్తున్నారు? మార్కులా, అవసరమా? డబ్బిచ్చాక ఆ పిల్లల్ని పట్టించుకునే మనిషంటూ ఎవరైనా ఉంటున్నారా?

మూడో_బెంచీ
జనవరిలో శాలువా అంటే చలికైనా పనికొస్తుంది. మావాళ్లు మే నెలలో కప్పుతారు. ఒక రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు సొమ్మసిల్లారు కూడా.

సంక్రాంతి_కోడి
మా ఊళ్లో సమ్మేళనం నడిపేది నేనే కాబట్టి రెండో వైపు కూడా వినండి. ఫ్లెక్సీ తీసెయ్, భోజనాలు తీసెయ్ అనడం తేలిక. మైకులో పేరు చదివితే ఐదువేలిచ్చే మనిషి, చదవకపోతే ఐదొందలతో సరిపెడతాడు. పండక్కి ఊరికొచ్చి, పాత బెంచీల మీద కూర్చుని, నాలుగు కబుర్లు చెప్పుకున్నాకే జేబులో చెయ్యి పెడతారు.

ఇక మార్కులే ఎందుకంటే, మార్కుల మీద గొడవ రాదు. అవసరం చూసి ఇస్తామన్న ఏడాది ఏమైందో చెప్పనా? ఊళ్లో అందరికీ తెల్లకార్డే. సర్పంచి గారు ఒక పేరు, కమిటీలో ఒకాయన తన పాలేరు కొడుకు పేరు. ఆఖరికి "ఆ వీధి వాళ్లకే ఇచ్చారు" అన్న మాట. ఆ మాట పడ్డాక మరుసటేడు చందా కూడా ఆగింది.

లెక్కలమాస్టారు_రిటైర్డ్
కోడి గారూ, మీరన్న గొడవ నిజమే. కానీ దానికి మందు మార్కులు కాదు. ఎంపిక కమిటీ చేతిలో పెడితే గొడవ, బడి చేతిలో పెడితే సగం గొడవ తగ్గుతుంది. ఏ పిల్లాడు మధ్యాహ్న భోజనం కోసమే వస్తాడో, ఏ పిల్ల మిరపకోతలప్పుడు నెల రోజులు కనపడదో క్లాస్ టీచరుకి తెలిసినట్టు ఆదాయ ధ్రువపత్రానికి తెలీదు. మేం ఏం చేసేవాళ్లమంటే, ముగ్గురు టీచర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా తలా ఐదు పేర్లు రాసి కవరులో పెట్టేవాళ్లం. మూడు కాగితాల్లోనూ ఉన్న పేరు మీద ఇంక చర్చ లేదు. రెండింట్లో ఉన్నవాళ్ల ఇంటికి వెళ్లి చూసేవాళ్లం.

ఇంకో సంగతి ఎవరూ పట్టించుకోరు. పదో తరగతి ఫలితాలు ఏప్రిల్ ఆఖరుకి వస్తాయి. ఇంటర్, పాలిటెక్నిక్, ట్రిపుల్ ఐటీ ప్రవేశాలు అక్కడి నుంచి రెండు మూడు నెలల్లో అయిపోతాయి. పిల్లాడు చదువు మానేసేది ఆ సందులోనే. మీరు సంక్రాంతికి ఇచ్చేది ఎవరికి? ఎలాగో చేరగలిగిన వాళ్లకి.

కాలువగట్టు
మాస్టారూ, ఆ కవర్ల పద్ధతి బాగుంది. జూన్ మాట మాత్రం మా కోశాధికారికి చెప్తే "అప్పుడు ఎవరూ ఊళ్లో ఉండరు, ఎవరిచేత ఇప్పిస్తాం" అన్నాడు. ఎవరిచేత ఇప్పించడమేంటి, ఫోన్లో పంపలేమా?

మూడో_బెంచీ
ఫోన్లో పంపితే అట్ట చెక్కు ఏ మూల పట్టుకోవాలి?

వంశధార
నేను ఆ స్టేజీ ఎక్కినదాన్నే, అందుకని కాస్త పెద్దగా రాస్తాను.

మైకులో "తండ్రి తాగుడుకి బానిసై, తల్లి పాచిపని చేసి చదివిస్తున్న నిరుపేద విద్యార్థిని" అని చదివారు. మా అమ్మ ముందు వరసలోనే కూర్చుంది. మర్నాడు పేపర్లో ఫోటో. కాలేజీలో చేరిన వారానికే ఎవరో ఆ ఫోటో క్లాస్ గ్రూపులో పెట్టారు. ఆ డబ్బు ఆరు నెలల బస్సు పాసుకీ పుస్తకాలకీ సరిపోయింది, కాదనను. ఇచ్చినవాళ్ల మీద కోపం కూడా లేదు. కానీ నాకంటే అవసరమున్న మా పక్కింటి పిల్ల "నన్నలా నిలబెడతారంటే నాకొద్దు" అని దరఖాస్తే పెట్టలేదు.

నన్ను నిజంగా నిలబెట్టింది వేరే. మా స్కూల్లోనే చదివి విశాఖలో నర్సుగా చేస్తున్న ఒకక్క ఆదివారం ఆదివారం ఫోన్ చేసేది. నువ్వు సాధించగలవు, కలలు కను లాంటి మాటలు ఒక్కటి చెప్పలేదు. "ఈ వారం ఏ సబ్జెక్టు ముట్టుకోలేదు?" అని అడిగేది. ముట్టుకోనిది ఏదో ఒకటి ఉంటుందని ఆమెకి తెలుసు. డిప్లొమా మొదటి ఏడాది ఇంగ్లీషులో పాఠాలు ఒక్క ముక్క అర్థం కాక పెట్టె సర్దుకున్నాను. ఆమె బతిమాలలేదు. "వచ్చెయ్, కానీ ఇంటర్నల్స్ రాసి రా" అంది. రాశాను. పాసయ్యాను. ఇంక రాలేదు.

ప్రగతి స్కాలర్‌షిప్ గురించి చెప్పింది కూడా ఆమే. సాంకేతిక విద్యలో, అంటే ఏఐసీటీఈ (సాంకేతిక కాలేజీలకి అనుమతిచ్చే కేంద్ర మండలి) గుర్తింపున్న డిప్లొమా, డిగ్రీ కోర్సుల్లో చేరిన ఆడపిల్లలకి ఏడాదికి 50,000. కుటుంబ ఆదాయం 8 లక్షలు దాటకూడదు, ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల దాకా ఇస్తారు. మా క్లాసులో అర్హత ఉన్నవాళ్లు చాలామంది, పెట్టింది మేం ఇద్దరమే. మిగతావాళ్లకి చెప్పినవాళ్లు లేరు.

చిత్రావతి
వంశధార చెప్పిన దాంట్లో నాకు రోజూ కనపడేది ఒకటుంది. నేను బ్యాంకులో చేస్తాను, అనంతపురం వైపు. పిల్లలు వస్తారు, "మేడం, స్కాలర్‌షిప్ పడలేదు" అని. చూస్తే శాంక్షన్ అయి ఉంటుంది. డబ్బు పోవాల్సిన ఖాతాకి ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) మ్యాపింగ్ ఉండదు. ఖాతాకి ఆధార్ ఇచ్చినాం కదా అంటారు. ఆధార్ ఇచ్చేది వేరే, ప్రభుత్వ డబ్బు ఏ ఖాతాలో పడాలో ఎన్‌పీసీఐలో నమోదయ్యేది వేరే. రెండు మూడు బ్యాంకుల్లో ఖాతాలుంటే ఆఖరున ఏ బ్యాంకులో సీడింగ్ చేయించుకుంటే దాంట్లోకే పోతుంది. ఇంకొందరి ఖాతా రెండేళ్లు లావాదేవీ లేక ఇనాపరేటివ్ అయిపోయి ఉంటుంది. పద్దెనిమిది నిండినాక మైనర్ ఖాతాకి మళ్లా కేవైసీ చేయించాల, అది ఎవరికీ తెలీదు. ఇంక ఆధార్‌లో ఒక పేరు, బడి రికార్డులో ఇంటిపేరు ముందూ వెనకా, పుట్టినతేదీ తేడా. ఈ పిల్లలకి మనం పదివేలు ఇచ్చేకన్నా ఒక పూట సెలవు పెట్టి వాళ్ల పక్కన నిలబడి కౌంటర్లో మాట్లాడితే చాలు. పెద్దమనిషి పక్కనుంటే మా స్టాఫ్ కూడా "రేపు రా" అనరు. ఇది మావాళ్ల మీద ఫిర్యాదే అనుకోండి.

లెక్కలమాస్టారు_రిటైర్డ్
చిత్రావతమ్మా, నువ్వు చెప్పింది వింటే నాకు ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష గుర్తొచ్చింది. ఊరూరా ఈ సంఘాల వాళ్లకి చేతులు జోడించి చెప్తున్నాను, దీన్ని వదలకండి.

ఎనిమిదో తరగతిలో రాసే కేంద్ర ప్రభుత్వ పరీక్ష. సర్కారు బడి, జడ్పీ, మున్సిపల్, ఎయిడెడ్ పిల్లలకే. హాస్టలు వసతి ఉన్న ప్రభుత్వ గురుకులాల వాళ్లకీ, కేంద్రీయ, నవోదయ విద్యాలయాల వాళ్లకీ లేదు. తల్లిదండ్రుల ఆదాయం మూడున్నర లక్షల లోపు. ఏడో తరగతిలో 55 శాతం ఉండాలి, ఎస్సీ ఎస్టీలకి ఐదు శాతం సడలింపు. మేధాశక్తి పేపరు 90 మార్కులు, చదువు పేపరు 90. గట్టెక్కితే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏటా 12,000, నాలుగేళ్లకి 48,000. ఆంధ్రప్రదేశ్ వాటాలోనే 4,087 ఉన్నాయి.

లెక్క వేసుకోండి. మీరు ఒక పిల్లకి పదివేలిచ్చే డబ్బుతో ఎనిమిదో తరగతి మొత్తానికి మోడల్ పేపర్లు వేయించి, సాయంత్రం ఒక గంట చెప్పే కుర్రాడికి ఏదో ముట్టజెప్పొచ్చు. నలుగురు గట్టెక్కినా దాదాపు రెండు లక్షలు మీ ఊరికొచ్చినట్టు. మేధాశక్తి పేపర్లో వచ్చే అంకెల వరసలు, అద్దంలో బొమ్మలు, కోడింగులు తెలివి ఎక్కువుంటే వచ్చేవి కావు. పది పేపర్లు చేస్తే వచ్చేవి.

అయితే వచ్చాక కూడా కనిపెట్టుకుని ఉండాలి. ప్రతి ఏడూ జాతీయ పోర్టల్లో రెన్యువల్ చెయ్యాలి. ఇంటర్‌లోనూ రావాలంటే పదిలో 60 శాతం ఉండాలి, ఎస్సీ ఎస్టీలకి 55. రెన్యువల్ మర్చిపోయి డబ్బు పోగొట్టుకున్న పిల్లల్ని ఎంతమందిని చూశానో. బడి మారిపోతారు, కాలేజీ వాళ్లకి ఇదేంటో తెలీదు.

పాలమూరు_పిల్లోడు
మా దిక్కు కథ వేరే. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు పడుతయ్, కాలేజోళ్లేమో "పైసలు కట్టినంకనే సర్టిఫికెట్లు" అంటరు. పోరడు డిగ్రీ పాసైండు, నౌకరీ వచ్చింది, ఆఫర్ లెటర్ చేతిల ఉంది, మెమోలు మాత్రం కాలేజీ అల్మారల. గిసువంటోళ్ల కోసం మేం పదిహేను మంది దోస్తులం ఒక ఫండు పెట్టినం. దానం కాదు, బదులు. మిత్తి లేదు. నౌకరీల చేరినంక నెలకింత తిరిగి కడుతరు, గదే ఇంకొకళ్లకు పోతది. మొదలు పెట్టిన పైసలు అట్లనే తిరుగుతున్నయ్. కాయితం మీద సంతకం లేదు, నోటిమాటనే.

సంక్రాంతి_కోడి
ఎగ్గొట్టినవాళ్లు లేరా?

పాలమూరు_పిల్లోడు
ఉన్నరు. ఒకడు ఎగ్గొట్టి బండి కొన్నడు. గా బండి ఫోటో స్టేటస్‌ల పెట్టిండు, మేమందరం లైక్ కొట్టినం. నెల తిరిగేలోపు పంపిండు.

వంశధార
అన్నా, ఉద్యోగం వచ్చినవాళ్ల దగ్గర ఇది బాగుంటుంది. పదో తరగతి పిల్ల ఇంటి మీద మాత్రం అప్పు అనే మాట పెట్టొద్దు. మిత్తి ఉన్నా లేకున్నా అప్పంటేనే ఆడపిల్ల చదువు ఆపేస్తారు.

పాలమూరు_పిల్లోడు
గదైతే నిజమే అక్కా. మాది డిగ్రీ పాసైనోళ్లకే.

డల్లాస్_బాబాయ్
నాలాంటి వాళ్ల సంగతేంటి? మా ఊరి సంఘానికి ఏటా కొంత పంపుదామని ఉంది. కోశాధికారి తన సొంత ఖాతా నంబరు ఇచ్చి "దీన్లో వెయ్యి బాబాయ్, నేను చూసుకుంటా" అన్నాడు. కుర్రాడు మంచివాడే. అయినా చెయ్యి రాలేదు.

ఆడిటర్_గారు
చెయ్యి రాకపోవడమే మంచిదైంది. ముందు ఒక మాట చెప్పండి, మీది ఏ పాస్‌పోర్టు?

డల్లాస్_బాబాయ్
అమెరికాదే. ఓసీఐ కార్డుంది, విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్లకిచ్చేది.

ఆడిటర్_గారు
అయితే వినండి. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. మీరు విదేశీ పౌరులు, ఓసీఐ ఉన్నా అంతే. మీ డబ్బు సంఘం తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. దానికి సంఘం పుట్టి మూడేళ్లు కావాలి, ఆ మూడేళ్లలో 15 లక్షలు సేవకి ఖర్చుపెట్టినట్టు లెక్కలుండాలి. వచ్చే డబ్బు ఢిల్లీలో స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోనే పడాలి. ఊరి సంఘానికి ఇది మోయలేని బరువు. మీ డబ్బు ఇంకో సంస్థ తీసుకుని వీళ్లకి పంచుదామన్నా 2020 సవరణ తర్వాత కుదరదు.

మిగతావాళ్లకి కూడా నాలుగు ముక్కలు. ఏడుగురుంటే సొసైటీ రిజిస్టర్ చెయ్యొచ్చు, 2001 నాటి సొసైటీల చట్టం కింద. సంఘం పేరున ఖాతా, చెక్కు మీద ఇద్దరి సంతకాలు. 80జీ రసీదు, అంటే విరాళానికి పన్ను మినహాయింపు రసీదు అడిగేవాళ్లకి ముందే చెప్పండి: రెండువేలు దాటిన నగదుకి మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకి అసలే లేదు. "80జీ ఉంటేనే ఇస్తా" అనే వాళ్లలో సగం మంది కొత్త విధానంలోనే ఉంటారు, వాళ్లకే తెలీదు.

మూడో_బెంచీ
మిగతా సగం మంది 80జీ వచ్చాక కూడా ఇవ్వరు.

కాలువగట్టు
ఆడిటర్ గారూ, మాది రిజిస్టర్ కాలేదు. ఖాతా ఇద్దరి పేరున జాయింటుగా ఉంది. లెక్కలు ఏటా గ్రూపులో పెడతారు, "ఇతర ఖర్చులు" అనే వరస మాత్రం ఏటేటా లావవుతోంది.

ఆడిటర్_గారు
ఆ వరసని విడగొట్టి రాయమనండి, అంతే. తిట్టక్కర్లేదు. సమ్మేళనం ఖర్చు, పిల్లల డబ్బు ఒక ఖాతాలో ఉంచకండి. భోజనాలకి వేరే చందా. పిల్లల కోసం ఇచ్చిన రూపాయి పిల్లలకే వెళ్తుందని తెలిస్తే మైకు లేకుండా కూడా ఇస్తారు.

సంక్రాంతి_కోడి
ఇది నేను ఒప్పుకుంటా. భోజనాలకి ప్లేటు లెక్కన వసూలు పెడితే మావాళ్లు ఇంకా ఎక్కువే తింటారు, అది వేరే విషయం. మెంటరింగు మాత్రం మా దగ్గర అట్టర్ ఫ్లాప్. వాట్సాప్ గ్రూపు పెట్టాం. యాభై మంది పెద్దలు, పన్నెండు మంది పిల్లలు. మొదటి వారం అందరూ తమ విజయగాథలు. రెండో వారం నుంచి గులాబీ పువ్వుతో గుడ్ మార్నింగులు. తర్వాత ఎన్నికలొచ్చాయి. పిల్లలు ఒక్కొక్కరే లెఫ్ట్.

వంశధార
పిల్లలు తెలివైనవాళ్లు.

చిత్రావతి
గ్రూపులో పదిమందికి చెప్పేది మెంటరింగు కాదులే అన్నా. ఒకరికి ఒకరు. ఇద్దరు పిల్లలు మించితే ఉద్యోగం చేసేవాళ్ల వల్ల కాదు. ఆడపిల్లలకి ఆడవాళ్లనే పెట్టండి. మొదటిసారి మాట్లాడేటప్పుడు వాళ్లమ్మను కూడా ఫోన్లోకి పిలవండి. లేకపోతే "ఎవడితో మాట్లాడతాండావు" అని ఫోనే లాక్కుంటారు.

లెక్కలమాస్టారు_రిటైర్డ్
ఇదేం కొత్త కాదమ్మా. మన పెద్దవాళ్లు వారాలు చెప్పుకుని చదివారు, వారంలో రోజుకొక ఇంట భోజనం. టంగుటూరి ప్రకాశం గారి సంగతే తీసుకోండి. తండ్రి పోయాక తల్లి ఒంగోలులో పూటకూళ్లు నడిపి సాకింది. ఆయన్ని తనతో రాజమండ్రి తీసుకెళ్లి చదివించింది ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారనే మాస్టారు.

పాలమూరు_పిల్లోడు
మాస్టారూ, వారాలు చెప్పుకునే కాలంల ఏ ఇంటికి ఏ కులం పిల్లగాడు పోయి తినెటోడు? గది కూడ చెప్పుండ్రి. మా తాతకు ఎవ్వరూ వారం ఇయ్యలే.

లెక్కలమాస్టారు_రిటైర్డ్
న్యాయమైన మాట. ఇచ్చినవాళ్లు ఎక్కువగా తమవాళ్లకే ఇచ్చుకున్నారు. అందుకే పేరు ఎంచేది ఇచ్చేవాళ్లు కాకూడదని నా పట్టు.

కాలువగట్టు
సరే, మా సంఘం గ్రూపులో ఇవాళ రాత్రి ఇలా పెడదామనుకుంటున్నా. ఫలితాలు వచ్చిన వారంలో టీచర్ల కవర్లు. జూన్ లోపు డబ్బు నేరుగా పిల్ల ఖాతాకో హాస్టలుకో. స్టేజీ మీద పేర్లు చదవడం లేదు, ఎంతమందికి ఇచ్చామో లెక్క మాత్రం చదువుతాం. ఎనిమిదో తరగతికి ఎన్‌ఎంఎంఎస్ పేపర్లు. ఎవరికైనా అభ్యంతరమా?

సంక్రాంతి_కోడి
ఫస్టు వచ్చిన పిల్లని మాత్రం స్టేజీ ఎక్కించండి బాబూ. డబ్బివ్వకపోయినా చప్పట్లు కొట్టండి. బాగా చదవడం తప్పేం కాదుగా. అట్ట చెక్కు నేను కూడా మానేస్తా, ఏటా దాని ప్రింటుకే ఒక పిల్ల బస్సు పాసంత అవుతోంది.

వంశధార
పేర్లు చదవకపోయినా ఇంట్లో వాళ్లని సమ్మేళనానికి పిలవండి. మామూలుగా, భోజనానికి.

డల్లాస్_బాబాయ్
నా డబ్బు ఎటూ పనికిరాదన్నారు కాబట్టి ఫోన్ చేసే పని నాకివ్వండి. మగపిల్లాడు, ఇంజనీరింగ్ లేదా డిప్లొమా. ఎప్పుడు చెయ్యాలి?

వంశధార
హాస్టల్ పిల్లలకి ఆదివారం సాయంత్రం ఐదు తర్వాత తీరుబడి. మీకు అప్పుడు తెల్లవారుజామున ఆరున్నర, చలికాలం ఐదున్నర. చేస్తే ప్రతి ఆదివారం చెయ్యండి బాబాయ్, లేకపోతే మొదలే పెట్టొద్దు. రెండుసార్లు చేసి మానేసినవాళ్లని కూడా చూశాను.

డల్లాస్_బాబాయ్
ఐదున్నరకి మా ఆవిడ నన్ను మంచం మీంచి తోసేస్తుంది, అయినా చేస్తా. కాలువగట్టూ, నంబరు ఇప్పుడే వద్దు. ముందు వాళ్లమ్మని అడిగి చెప్పు.